చల్లపిన్ని ఏరిన కంప్యూటర్

ఊరంతా కిటికీలు తెరుచుకునే వేళకి రేడియో తన గది కిటికీలు బిగించేస్తుంది. తలుపు కింద సందులో పాత తువ్వాలు కుక్కి, మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని పుస్తకం విప్పుతుంది. బస్సుల్లో, వంటింట్లో చెవులకి తగిలించుకుని వినేవాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. రేడియో అన్నది మొగుడు పెట్టిన పేరు. రికార్డింగు అయిపోయాక కూడా నోరు కట్టెయ్యదని.

మొగుడు బళ్లో లెక్కలు చెప్పే మాస్టారు. ఆమె కూడా ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అదే కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి స్నేహితులతోనో కార్ల రేసులు ఆడటం ఆయనకి ప్రాణం. పగలు ఆమెది, సాయంత్రం ఆయనది. ఆ పొత్తు సవ్యంగా సాగిపోతుండగా, ఒకరోజు ఆమె చదువుతున్న పేజీ మధ్యలో కంప్యూటర్ దగ్గినట్టు చప్పుడు చేసి ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

కొత్తది కొనాలి. విడిభాగాలు విడివిడిగా ఎంచుకుని, మనకి కావలసినట్టు కట్టించుకుందాం అన్నారు మాస్టారు. అంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. ఆ తర్వాతే పేచీ.

“గ్రాఫిక్స్ కార్డు మాత్రం పెద్దదే కావాలి. లేకపోతే నా కారు ఎడ్లబండిలా నడుస్తుంది” అన్నారాయన.

“పెద్ద కార్డంటే పెద్ద వేడి. వేడంటే ఫ్యాన్లు. ఫ్యాన్లంటే రొద. నా మైకు దోమ రెక్కల్ని కూడా వదలదని మీకు తెలుసుగా” అంది రేడియో.

ఆమె భయం ఉత్తది కాదు. వెనకాల గాలిమర తిరుగుతున్నట్టుందని ప్రచురణ వాళ్లు అప్పటికే రెండు పుస్తకాలు తిప్పి పంపారు. ఇంకొకటి వెనక్కొస్తే వేరే గొంతు చూసుకుంటామని మర్యాదగానే చెప్పారు.

“అయితే నేను చదరంగం ఆడుకోవాలన్నమాట” అని మాస్టారు పళ్లెం ముందు నుంచి లేచారు. ఆయన అలక మర్నాటి టీ దాకా నిలిచింది.

ఈ గొడవంతా చల్లపిన్ని వింటూనే ఉంది. రేడియోకి ఆవిడ తల్లి చెల్లెలు. యాభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడ, చేయి చాపినంత మేర, చల్లగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. పాలగిన్నె ఆవిడ కుర్చీ పక్కన పెడితే రెండు రోజులు విరగదు. కరెంటు పోతే పక్కింటివాళ్లు మందుసీసాలు తెచ్చి, “కాస్త ఒళ్లో ఉంచుకోండి పిన్నిగారూ” అని ఇచ్చి వెళ్తారు. చుట్టాలందరూ ఆవిడని వంతులవారీగా పిలిపించుకుంటారు. ఎవరింట్లో ఉక్కపోస్తే వాళ్లింటికి. ఇప్పుడు వంతు రేడియో ఇంటిది. ఆవిడ మాత్రం ఎప్పుడూ స్వెటరు, దానిమీద శాలువా, తలకి ఉన్నిటోపీ, కాళ్లకి రెండు జతల మేజోళ్లతోనే ఉంటుంది. ఎవరేమిచ్చినా నవ్వుతూ పక్కన పెట్టుకుంటుంది.

ఆదివారం ముగ్గురూ కంప్యూటర్ల కొట్టుకి వెళ్లారు. మేడమీద ఇరుకు గది. గోడల నిండా డబ్బాలు. బల్లమీద వరసగా పరీక్షకి పెట్టిన కంప్యూటర్లు పొద్దుటి నుంచీ నడుస్తూ గదిని పొయ్యిలా చేశాయి. కొట్టాయన చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. చల్లపిన్ని గుమ్మం దాటగానే ఆయన మొహం విప్పారింది.

“రండమ్మా, ఇక్కడ, నా పక్కన కూర్చోండి” అని తన స్టూలే ఆవిడకి ఇచ్చాడు.

ఆవిడ కూర్చుంది. మాస్టారు మాట మొదలుపెట్టబోయారు గానీ, రేడియో చెయ్యెత్తి ఆగమంది. ఆమె చెవులు మైకుతో కాపురం చేసిన చెవులు. బల్లమీద మొదటి కంప్యూటర్ రొద తగ్గింది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్క ఫ్యాను నెమ్మదించి, ఆగిపోయింది. కింద వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

మాస్టారు కళ్లు మెరిశాయి. “రేడియో! మన లెక్క తేలిపోయింది. ఎంత పెద్ద కార్డైనా పెట్టుకోవచ్చు. పిన్నిగారు పక్కన కూర్చుంటే చాలు.”

రేడియోకీ ప్రాణం లేచొచ్చింది. అవునంటూ పిన్ని వైపు తిరిగింది. పిన్ని నవ్వుతోంది. పాలగిన్నె పెట్టినప్పుడు నవ్వే నవ్వే అది, ఒక్క వీసం తేడా లేదు. అది చూడగానే రేడియోకి చిన్నప్పటి జ్వరం గుర్తొచ్చింది. ఒళ్లు కాలిపోతుంటే అమ్మ ఆమెని తీసుకెళ్లి పిన్ని ఒళ్లో పడుకోబెట్టింది. రాత్రంతా పిన్ని పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. పిన్ని తనని నవ్వించడానికే అలా చేస్తోందనుకుంది అప్పుడు. ఇన్నేళ్లూ అలాగే అనుకుంది.

“వద్దు మాస్టారూ” అంది.

“అదేమిటి? ఇప్పుడేగా...”

“పిన్ని ఫ్యాను కాదు.”

మాస్టారు మెడ వెనక గోక్కున్నారు. “నిజమే. తప్పు మాట అన్నాను. క్షమించండి పిన్నిగారూ.”

పిన్ని ధ్యాస అక్కడ లేదు. బల్ల చివర, అందరికంటే పెద్ద కంప్యూటర్ ఒకటి ఏదో సినిమా పని మీద ఉండి ఇంకా సెగలు కక్కుతోంది. దాని వెనక చిల్లుల దగ్గర అరచెయ్యి పెట్టి కూర్చుంది పిన్ని. రెండో చెయ్యి కూడా పెట్టింది. కాసేపటికి ఉన్నిటోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. రేడియో ఆవిడ జుట్టు పూర్తిగా చూసింది ఎన్నాళ్లకో! అందులో సగం తెల్లబడిందని అప్పుడే తెలిసింది.

“ఇది బాగుందే” అంది పిన్ని.

“ఏది పిన్నీ?”

“ఈ గాలి. ఎముకల్లోకి పోతోంది.” ఆవిడ బుగ్గల్లో ఎరుపు తిరిగింది.

రేడియో కొట్టాయన వైపు తిరిగింది. “అన్నా, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ వేడెక్కేది ఏది?”

“తక్కువ వేడెక్కేది కదమ్మా మీకు కావాల్సింది?”

“కాదు. ఎక్కువ.”

కొట్టాయన ఒక్క క్షణం ఆమెని, ఒక్క క్షణం పిన్ని చేతుల్ని చూశాడు. చొక్కా చేతులు మడిచి నిచ్చెన ఎక్కాడు.

ఆ మధ్యాహ్నం ఎంపికంతా పిన్నిదే. ఒక్కో కార్డూ బిగించి నడిపించడం, ఆవిడ చెయ్యి పెట్టి తీర్పు చెప్పడం. “ఇది గోరువెచ్చన... దీనికి ఆరంభశూరత్వమే, నిలకడ లేదు... ఇదిగో, ఇది పెట్టండి.” ఆవిడ మెచ్చిన ప్రతిదీ జోరుగా పరిగెత్తేదే కావడంతో మాస్టారికి కాలు నేలమీద నిలవలేదు. మండిపోతోందని తిట్టి జనం తిరిగిచ్చేసిన ప్రాసెసర్ ఒకటి అటక మీద నుంచి దించాడు కొట్టాయన. అది చూసి పిన్ని శాలువా కూడా తీసేసింది. ర్యామ్ ముక్కలు మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని చూసి, “వీటిల్లో ప్రాణం లేదు, మీ ఇష్టం వచ్చినవి వేసుకోండి” అంది. కరెంటు అందించే పవర్ సప్లై దగ్గర మాస్టారు చిన్నది చాలదా అని నసిగితే కొట్టాయన ఒప్పుకోలేదు.

“వేడి కావాలంటే ఎంతైనా ఇస్తాను సార్. పొగ మాత్రం ఇవ్వను.”

ఇవన్నీ బిగించే పెట్టె, క్యాబినెట్టు, కుడిపక్కంతా జల్లెడలా ఉన్నది దొరికింది. కట్టించడానికి ఒప్పుకునే ముందు రేడియో పిన్ని దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

“పిన్నీ, నీకు ఇష్టమైతేనే. మొహమాటం వద్దు. లేదంటే చిన్నది కొనుక్కుని పోదాం.”

పిన్ని జల్లెడ మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది. “ముందు మంచి కుర్చీ చూడండి. మీ ఇంట్లో ఆ ప్లాస్టిక్‌దాని మీద నేను కూర్చోను. నడుం విరిగిపోతోంది.”

పిన్ని నోటి నుంచి ఫలానాది కావాలి అన్న మాట రేడియో వినడం అదే మొదలు. మెత్తటి కుర్చీ అదే వీధిలో కొన్నారు.

పొద్దున్న పూట రేడియో చదువుతుంటే పిన్ని క్యాబినెట్టు పక్కన కళ్లు మూసుకుని వింటుంది. ఫ్యాన్లు కదలవు. గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, పేజీ తిప్పిన చప్పుడు పోగొట్టడానికి రేడియో కొత్తగా తంటాలు పడాల్సివచ్చింది. కొత్త స్టూడియోకి మారారా అని ప్రచురణ వాళ్లు అడిగారు. మూడు పుస్తకాలు ఒకేసారి పంపారు.

కానీ పిన్నికి సాయంత్రాలే ఎక్కువ ఇష్టం. చదువుకంటే ఆటకే కార్డు బాగా కాగుతుంది. కొన్నాళ్లు ఊరికే చూసింది. ఒకరోజు ఉండబట్టలేక, “ఆ మలుపులో బ్రేకెందుకు వేశారు అల్లుడుగారూ?” అంది. మరో వారానికి మౌసు ఆవిడ చేతిలో ఉంది, మాస్టారు పక్కన స్టూలు మీద ఉన్నారు. ఎడారి దారులే ఎంచుకునేది. మేజోళ్లు ఒక్కో జతా విప్పేసింది. మాస్టారి స్నేహితులు ఆవిడ గొంతు తప్ప మొహం ఎరగరు. అయినా, “పిన్నిగారు వచ్చారా?” అని అడిగాకే బళ్లు కదిలించేవాళ్లు.

ఎండలు ముదురుతుండగా పెద్ద మావయ్య ఫోన్ చేశాడు. రేడియోకి మేనమామ, పిన్నికి అన్న.

“పిల్లలు ఉడికిపోతున్నారే. రేపు పొద్దున్నే కారు పంపిస్తున్నాను, పిన్నిని తయారుగా ఉంచు.”

రేడియోకి ఏదో ఒక సాకు చెప్పాలని నాలుక దాకా వచ్చింది. చెప్పలేదు. ఫోన్ తీసుకెళ్లి పిన్ని చేతిలో పెట్టింది. “నీకే పిన్నీ. నువ్వే చెప్పు.”

పిన్ని తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా ఫోన్ చెవికి ఆనించుకుంది.

“ఆఁ అన్నయ్యా... లేదు, నేను రాను... ఒంట్లో బాగానే ఉంది. బాగుంది కాబట్టే రాను... పిల్లలకా? ఏసీ కొను అన్నయ్యా. ఇప్పుడు మంచివి వస్తున్నాయట.” ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. “చూడ్డానికి వస్తాన్లే. వచ్చి, ఒకపూట ఉండి, వెళ్లిపోతాను. సరే, పెట్టేస్తున్నా, నాకోసం జనం ఆగి ఉన్నారు.”

ఫోన్ రేడియో ఒళ్లోకి విసిరి మౌసు అందుకుంది. అది చేతిలోంచి జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది.

“అల్లుడుగారూ, ఈ మౌసు కారుతోంది చూడండి.”

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. ఆవిడ అరచెయ్యి చూశారు.

“మౌసు కాదు పిన్నిగారూ. అది మీ చెమట.”

పిన్ని అరచేతిని దీపం కిందకి తీసుకెళ్లింది. వేళ్లు విప్పి, ముడిచి, మళ్లీ విప్పి చూసుకుంది. రేడియోకి చూపించింది. రేడియో ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. తడిగా ఉంది, వెచ్చగా ఉంది.

“వదలవే” అంది పిన్ని, చెయ్యి మోకాలికి తుడుచుకుంటూ. “వాళ్లు ముందుకెళ్లిపోతున్నారు.”