వెంట్రుకంత ముక్క

మంచు పలక మీద నుంచి మైనం బ్లాకును తీసి వెలుతురుకెత్తి చూడగానే మైనమక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు గీకారు దీన్ని?" అని గది దద్దరిల్లేలా అడిగింది. ఆసుపత్రి ల్యాబు గదిలో మనుషులెవరూ లేరు. రంగులద్దే యంత్రం ఒక్కటి గరగరమంటూ తన పని తాను చేసుకుపోతోంది.

అడగడం ఎందుకు, తెలిసిందే. నిన్న సాయంత్రం షిఫ్టు ఆయన నిర్వాకం. ఆయనకు చెయ్యి పెద్దది, ఓపిక చిన్నది. బ్లాకులో ఉన్నది ఎవరో రోగి కిడ్నీలోని గడ్డలోకి సూది పంపి లాగిన సన్నటి పోగు. దాన్ని మైనంలో పొదిగి బిళ్ళగా చేస్తారు. ఆ బిళ్ళను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పితే కత్తి ఒక్కో పొర తీస్తుంది. పొరను గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికెక్కించి, రంగు వేసి ఇస్తే డాక్టరమ్మ చూసి జబ్బు పేరు చెబుతుంది. ముందుగా పైనున్న మైనాన్ని మందంగా గీకి పారేయడం మామూలే. గుప్పెడంత ముక్కయితే ఎంత గీకినా ఫరవాలేదు. సూదిపోగును కూడా అలాగే గీకితే చూడవలసిందంతా చెత్తబుట్టలో పడుతుంది. నిన్న ముప్పాతిక వంతు అక్కడికే పోయింది.

పొద్దున్నించీ ఇలాగే ఉంది. గుమ్మం దగ్గర హాజరు యంత్రం ఆమె బొటనవేలిని మూడుసార్లు కాదు పొమ్మంది. ముప్పై ఒక్కేళ్ళు మైనమూ కత్తీ చక్రమూ పట్టుకున్న వేళ్ళు, గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. "ఇంత పని చేసినదాన్ని నేనో కాదో నీకు తెలియదా?" అని దాన్ని తిట్టుకుంటూ లోపలికొచ్చింది. ఏభై ఏడేళ్ళ మనిషి. చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఒక వేలెడు కిందికి దిగింది. జాకెట్టు కుట్టే ఆవిడ కొలత తీసుకున్న ప్రతిసారీ ఇంచిటేపు తప్పు చెబుతోందేమోనని మళ్ళీ కొలుస్తుంది.

పెద్ద డాక్టరమ్మ వచ్చి బ్లాకు చూసి నుదురు పట్టుకుంది. పేరుకు పెద్ద గానీ వయసులో మైనమక్క కన్నా పదిహేనేళ్ళు చిన్న.

"ఎంత మిగిలిందక్కా?"

"ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు."

"మూడు పలకలొస్తాయా?"

"గీకకుండా కోస్తే రావచ్చు. వంకరగా కూర్చుంది. కరిగించి మళ్ళీ పొదగాలి."

"నాలుగింటికల్లా చెప్పమంటున్నాడు సర్జను. రేపు పొద్దున మొదటి ఆపరేషను ఇదే."

రోగి బస్సు డ్రైవరు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. పుట్టుకతోనే ఒక్క కిడ్నీ. గడ్డ సరిగ్గా రక్తనాళాలు లోపలికెళ్ళే చోట కూర్చుంది. గడ్డనొక్కదాన్నీ తీయడం కుదరదు, తీస్తే కిడ్నీ మొత్తం తీయాల్సిందేనని సర్జను మాట. తీశారా, ఇక బతికినన్నాళ్ళూ వారానికి మూడు రోజులు రక్తం కడిగే యంత్రం పక్కన పడక. నిన్న కోసిన పొరను మామూలు రంగులో చూస్తే డాక్టరమ్మకు రెండు అనుమానాలొచ్చాయి. ఒకటి కాన్సరు. రెండోది ఆంకోసైటోమా అనే అరుదైన గడ్డ. అది ఉన్న చోటే ఉంటుంది, మనిషి జోలికి రాదు, ఆరునెలలకోసారి చూసుకుంటే చాలు. చిక్కేమిటంటే రెండూ కవలల్లా ఉంటాయి. ఇనుము కలిపిన నీలం రంగు వేసి చూడాలి. కాన్సరయితే కణాలన్నీ నీలం తాగుతాయి. రెండోదయితే తాగవు.

మైనమక్క బ్లాకును కరిగించింది. పోగును పట్టకారు మొనతో చదునుగా పడుకోబెట్టి మళ్ళీ మైనం పోసి మంచు మీద పెట్టింది. ఇక చల్లబడేదాకా ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోవడమంత కష్టమైన పని ఆమెకు ఇంకోటి లేదు.

పన్నెండేళ్ళ కింద ఆమె కూర్చోలేకపోయింది. అప్పుడు మంచు మీదున్న బ్లాకు ఆమె అన్నయ్యది. ఆయనకూ ఇలాగే కిడ్నీలో గడ్డ, ఇలాగే సూదిపోగు. మా అన్నయ్యది ముందు తేల్చాలని వరస తప్పించి, సరిగ్గా చల్లబడకుండానే దాన్ని యంత్రానికెక్కించింది. మెత్తటి మైనం నలిగిపోయింది. చదును చేద్దామని గీకింది, ఇంకా నలిగింది, ఇంకా గీకింది. ప్రేమకొద్దీ చేసిన తొందర పోగు మొత్తాన్నీ మింగేసింది. "కాన్సరు కాదని చెప్పలేం" అని రాశాడు అప్పటి డాక్టరు. సర్జను కిడ్నీ తీసేశాడు. తీసిన కిడ్నీ సీసాలో పైకొచ్చింది. ఆమే కోసింది, పది బ్లాకులు. కాన్సరు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. మిగిలిన రెండో కిడ్నీని చక్కెర జబ్బు నమిలేసింది. మూడేళ్ళుగా ఆయన ఇదే ఆసుపత్రి కింది అంతస్తులో డయాలిసిస్ మంచం మీద వారానికి మూడు పొద్దులు గడుపుతున్నాడు.

ఆ సంగతి ఆమె దాచలేదు. ఆ వారమే అన్నయ్యకు ఏడుస్తూ చెప్పేసింది. ఆయన తాళాలు బాగుచేసి బతికిన మనిషి, దేనికీ గొంతు పెంచడు. "నువ్వు పాడు చేసింది వెంట్రుకంత. సర్జను కోసింది గుప్పెడంత. తిడితే ఆయన్ని తిట్టాలిగానీ నిన్నెందుకు తిడతానే?" అని నవ్వేశాడు. ఆమెకు ఆ నవ్వే తట్టుకోవడం కష్టమైంది. పన్నెండేళ్ళుగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరారా తిట్టించుకోవాలని చూస్తోంది. కూరలో ఉప్పెక్కువైనా తిట్టడు, బస్సు తప్పిపోయినా తిట్టడు. అది పొగరో ప్రేమో తేల్చుకోలేక ఆమే ఆయన్ని తిడుతూ ఉంటుంది.

పదకొండున్నరకు ఫోను మోగింది.

"చెల్లాయ్, నాదైపోయింది. వస్తున్నావా?"

డయాలిసిస్ అయిన రోజుల్లో భోజనం వేళకు కిందికెళ్ళి ఆయన్ని బస్సెక్కించి రావడం ఆమె అలవాటు.

"ఇవాళ కుదరదన్నయ్యా. అక్కడే కూర్చో. నాలుగింటికి నేనే ఇంటికి తీసుకెళ్తా."

"అంత పనేమిటే?"

"ఒక్కటే కిడ్నీ ఉన్న మనిషిది. ఎవడో తగలేశాడు, పిసరంత మిగిలింది."

"అయితే తొందరపడకు. చల్లబడనీ" అన్నాడు.

ఆమె ఫోను మోత ఆపి సొరుగులో పడేసి మూసేసింది. ఇంకో ఇరవై నిమిషాలు మంచు మీద ఉంచింది.

సూపర్‌వైజరు వచ్చి గడియారం చూశాడు. "ఒక్క బ్లాకు దగ్గర పొద్దంతా కూర్చుంటే మిగతా నలభై ఎవరు కోస్తారక్కా?"

"నేనే కోస్తాను. ముందు మీరు తలుపు వేసి వెళ్ళండి."

బ్లాకును బిగించి, కత్తికీ బ్లాకుకూ మధ్య వెలుతురు గీతను ఒంటికన్నుతో చూసింది. ఒకవైపు గీత లావుగా ఉంది. మర అర పిసరు తిప్పింది. గీత సమంగా వచ్చేదాకా తిప్పుతూనే ఉంది. ఊపిరి బిగబట్టి చక్రం తిప్పింది. మొదటి పొర, గీకుడు లేకుండా, పోగుతో సహా వచ్చింది. కుంచె మొనతో అందుకుంది. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరుకు ఇంకో మాట గుర్తొచ్చింది. తలుపు తెరిచాడు. గాలికి పొర ఎగిరి ఆమె చేతి తొడుగుకు చుట్టుకుని నలిగిపోయింది.

"ఏం చేశాను నేను?" అన్నాడాయన. ఆమె తొడుగు మార్చుకుని మళ్ళీ చక్రం పట్టుకుంది. నోరు తెరిస్తే ఉద్యోగం పోయే మాటే వచ్చేది.

ఇంకో రెండు పొరలు దక్కాయి. తర్వాత కోస్తే ఖాళీ మైనమే వచ్చింది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. రెంటిలో ఒక పలకను ఆరబెట్టి నీలం రంగులో ముంచింది. పక్కనే తోడుగా, ఖాయంగా నీలమవ్వాలని తెలిసిన ఇంకో పలకను కూడా ముంచింది. రంగు పనిచేసిందో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి తీసి చూస్తే అదీ నీలమవలేదు, ఇదీ అవలేదు. సీసాలోని మందు ఎప్పటిదో. మూత మీది తారీఖు చెరిగిపోయి ఉంది. పోనీ నీలమవలేదు కదా, మంచి గడ్డేనని రాసేద్దామంటే, పనిచేయని రంగు చెప్పే సాక్ష్యమెవరికి కావాలి? మైనమక్క కుర్చీలో కూలబడి, "ఈ గదిలో ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా ఉండదా!" అని బల్ల మీద అరచేత్తో కొట్టింది.

మిగిలింది ఒకే పలక. మందును ఈసారి తన చేత్తో తనే కలిపింది. తూచింది, మళ్ళీ తూచింది. మరిగేదాకా నిలబడింది, చల్లారేదాకా నిలబడింది. అప్పుడు ఆ పలకనూ, మళ్ళీ ఒక తోడు పలకనూ ముంచింది. తిండి సంగతి మర్చిపోయింది. సర్జను గది నుంచి ల్యాబు ఫోనుకు మూడుసార్లు కబురొచ్చింది. "ఉడికేదాకా ఉండగలిగినవాళ్ళు చల్లారేదాకా ఉండలేరా అని చెప్పండి" అని డాక్టరమ్మతో అంది.

నాలుగుకు పది నిమిషాల ముందు, తోడు పలక ముదురు నీలంగా బయటికొచ్చింది. డాక్టరమ్మ బస్సు డ్రైవరు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూసింది. లేచి ఆమెను కూర్చోబెట్టింది.

"చూడక్కా. కణాల్లో ఎక్కడా నీలం లేదు. అంచుల్లో సన్నగా గీతలా ఉందంతే. ఆంకోసైటోమా వైపే మొగ్గు."

ఫోనులో సర్జను గొంతు పక్కవాళ్ళకూ వినిపించింది. "మొగ్గేమిటండీ మొగ్గు? ఖాయంగా చెప్పండి."

"ఖాయంగా చెప్పాలంటే కిడ్నీ తీసి చూడాలి. అది వద్దనే కదా ఈ తంటాలన్నీ."

అటు విసుక్కున్నాడు, గొణిగాడు, చివరికి ఆపరేషను ఆపి ఆరునెలల తర్వాత స్కాను చూద్దామన్నాడు. ఎవరూ ఎవరికీ ధన్యవాదాలు చెప్పలేదు. ఆ డ్రైవరుకు ఈ గది ఉందని కూడా తెలియదు. సూపర్‌వైజరు మిగిలిన బ్లాకుల పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రేపు" అని చేతులు కడుక్కుంది. ఒళ్ళంతా అలసటే, అయినా మనసులో ఎప్పుడూ లేని తేలిక. అన్నయ్యకు ఇది చెప్పి, ఇప్పటికైనా తిట్టు, నీకు చేసి ఉండాల్సిన పనే ఇది, అని పోట్లాడాలనుకుంది. మెట్లు రెండేసి దిగింది.

బెంచీ మీద ఆయన లేడు. డయాలిసిస్ సిస్టరు ఎదురొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"మీ ఫోనుకు నాలుగుసార్లు చేశామక్కా. మూడింటప్పుడు కళ్ళు మూసుకుని ఉంటే నిద్రనుకున్నాం. లేపితే లేవలేదు. డాక్టరుగారు అన్నీ చేసి చూశారు." కాస్త ఆగింది. "అంతకుముందే కాస్త ఆయాసంగా ఉందన్నారు. మిమ్మల్ని పిలుస్తానంటే ఒప్పుకోలేదు. మా చెల్లాయి పనిలో ఉంది, కదపొద్దు అన్నారు."

తెర వెనక మంచం మీద ఆయన ముఖం మామూలుగానే ఉంది. మైనమక్కకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "ఒక్కసారి తిట్టి పోతే ఏం పోయేదన్నయ్యా నీకు?" అంది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అప్పుడు ఏడ్చింది, సిస్టరు తెర లాగి బయట నిలబడేంత గట్టిగా.

తర్వాత సిస్టరు ఆయన సంచి తెచ్చిచ్చింది. అందులో ఒక తువ్వాలు, కళ్ళజోడు, ఒక చిన్న సీసా ఉన్నాయి. కిడ్నీలు ఆగిన మనిషి నీళ్ళు కొలిచి తాగాలి. రోజుకు ఇంతేనని ఆ సీసా మీద తాళాలవాడి ఓపికతో, సమానమైన ఎడంలో, పెన్నుతో గీతలు గీసుకున్నాడు.

కింది రెండు గీతల నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.