నోరు తెరిచిన తెల్ల ఎలుగు

నేను ఒక చెత్తబుట్టను. ఆ మాట వినగానే మీరు ముక్కు మూసుకుంటారని తెలుసు. మూసుకోండి. నాకు ఆ వీలు లేదు కనక, మీ కంపు ఎలాంటిదో నేను చెప్తాను.

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక ఫైబర్ షెడ్డులో పుట్టాను. నన్ను అచ్చు పోసినవాడు ధ్రువపు ఎలుగుబంటిని ఎన్నడూ చూడలేదు. అందుకే కుందేలు చెవులు, పెళ్లికూతురి కనురెప్పలు పెట్టాడు. నోరు మాత్రం బారెడు తెరిచి, పొట్ట మీద ‘నన్ను వాడండి’ అని రాశాడు. మొదట ఓ ఐస్‌క్రీమ్ పార్లరువాళ్లు కొన్నారు. అది మూతపడ్డాక, గుంటూరు అవతల ఉన్న ఓ ప్రైవేటు జూకి అమ్మేశారు. అక్కడ నన్ను తెల్ల నక్క గది ముందు నిలబెట్టారు.

ఉత్తర ధ్రువపు నక్క అది. మంచులో తిరగాల్సిన ప్రాణిని మిరపకాయలు ఎండే ఊళ్లోకి తెచ్చి, అద్దాల గదిలో పెట్టి ఏసీ వేశారు. దాన్ని చూసుకునే మస్తాన్‌వలి ముద్దుగా ‘దూది’ అని పిలిచేవాడు. జనం మాత్రం అద్దం మీద దబదబా బాదేవారు. ‘‘ఏయ్, లెగు! టికెట్టు కొనుక్కొచ్చాం!’’ అని అరిచేవారు. తిన్న మొక్కజొన్న కండె నా నోట్లో పడకపోతే వంగి తీసే నడుము ఒక్కరికీ ఉండేది కాదు. గుట్కా ఉమ్ములు మాత్రం ఎప్పుడూ గురి తప్పేవి కావు. మనుషులంటే నాకు రోత పుట్టింది అక్కడే.

ఓ మే నెలలో ‘ధ్రువ జంతువులను కాపాడుకుందాం’ అంటూ సభ పెట్టారు. దూది గది ముందే వేదిక, షామియానా, ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలో దూది గోరంత, ముఖ్య అతిథి కొండంత. సభ మొదలవుతుండగా కరెంటు పోయింది. ఉన్నది ఒక్కటే జనరేటరు. మైకునీ ఏసీనీ కలిపి లాగే సత్తా దానికి లేదు. మేనేజరు శేషుబాబు ఏసీ ఆపించి మైకుకి కరెంటు ఇప్పించాడు.

వలి పరుగెత్తుకొచ్చాడు. ‘‘సార్, నక్క రొప్పుతోంది సార్. మైకు లేకపోయినా మాట్లాడొచ్చు గదా?’’

‘‘పెద్దాయన్ని పిలిచి మైకు ఇవ్వకపోతే ఏం మర్యాదయ్యా? ఎంతసేపులే, అయిపోద్ది.’’

అయిపోవడమా! ఇంకా సన్మానాలే కాలేదు. అంత ఎండలో ఒక్కొక్కరినీ పిలిచి శాలువాలు కప్పారు. వాటి కవర్లన్నీ నా నోట్లో కుక్కారు. అతిథి శాలువాతోనే చెమట తుడుచుకుంటూ, భూమి వేడెక్కుతోందని, మూగజీవాలు అల్లాడుతున్నాయని గొంతు జీరబోయేలా బాధపడ్డాడు. చప్పట్లు మోగాయి.

కవర్ల సందులోంచి నేను దూదినే చూస్తున్నాను. నాలుక వేలాడేసి ఎగరొప్పుతోంది. వలి తడి గోనెసంచి కప్పాడు, బిందెతో నీళ్లు పోశాడు. వందన సమర్పణ జరుగుతుండగా అది కాళ్లు చాపేసింది. వలి దాని తల ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చాడు. మైకు హోరులో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు.

తర్వాత గ్రూప్ ఫొటో. ‘‘వెనకాల నక్క కనపడేట్టు తియ్యవయ్యా’’ అన్నాడు అతిథి.

‘‘పడుకుంది సార్’’ అన్నాడు ఫొటోగ్రాఫరు.

‘‘పర్లేదు, తియ్యి.’’

తీశాడు. నాకు వాంతి చేసుకునే యోగం ఉంటే, ఆ శాలువా కవర్లన్నీ వాళ్ల మొహాన కక్కేదాన్ని.

గది ఖాళీగా ఉంటే టికెట్లు తెగవని శేషుబాబు తెగ ఆలోచించాడు. నన్ను కడిగించి, పొట్ట మీది అక్షరాలు చెరిపించి, తెల్లగా రంగు వేయించి అద్దాల గదిలో పెట్టించాడు. బయట ‘ధ్రువపు ఎలుగుబంటి’ అని బోర్డు. జనం వస్తున్నారు, అద్దం బాదుతున్నారు.

‘‘కదలట్లేదేంటే ఇది?’’

‘‘నిద్రపోతోందిలే, నోరు తెరుచుకుని.’’

వలి రోజూ అద్దం తుడుస్తాడు గానీ నా వైపు చూడడు. చూడకపోవడమే న్యాయం.

అన్నట్టు, పెద్ద జనరేటరు ఒకటి కొత్తగా కొన్నారు. ఇప్పుడు కరెంటు పోయినా, ఎంతటివాడు మైకు పట్టుకున్నా ఏసీ ఆపరు. ఉక్కకి నా రంగు పెచ్చులూడుతుందట.