సూర్యుణ్ణి అడిగిన దిక్కు

బూరుల్ సర్వే చదువు మానేసిన రోజుల్లో ఆమె కడుపులో కవలలున్నారు. మళ్లీ మొదలుపెట్టేనాటికి ఆ కవలలే ఎదిగి, ఆమె సామాను మోసుకొచ్చి బస్సులో పెట్టారు. నరీన్ పట్టణం నుంచి కొండల్లోకి పోయే బస్సు అది. అక్కడ, కొండకు ఆవలి వాగు నీళ్లను ఈవలి పొలాలకు మళ్లించడానికి సొరంగం తవ్వబోతున్నారు. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలపాలి. అందుకు ముందుగా కొండల మీదా లోయలోనూ సిమెంటు దిమ్మెలు కట్టి, ఒక్కొక్కటీ ఎక్కడుందో కచ్చితంగా లెక్కగట్టాలి. తవ్వకానికి అవే ఆధారం. ఆ పనిని కొత్తవాళ్లకు నేర్పుతూ చేయించే బాధ్యత దామీరాది.

దామీరా ఒకప్పుడు బూరుల్‌కు కాలేజీలో పాఠాలు చెప్పింది. ఇప్పుడు జుట్టు పూర్తిగా నెరిసింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు. ఈ పని మొదలవకముందు ఒకరోజు బజారులో రొట్టెలు కొనబోయి, అమ్ముతున్నది బూరులేనని గుర్తుపట్టింది.

"పాఠం సగంలో లేచి పోయావు నువ్వు. రా, మిగతాది చెప్తాను" అంది.

"ఇప్పుడా ఎజెకే? నా పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చోనా?" అంది బూరుల్. అక్కలాంటి పెద్దావిడను అక్కడ ఎజే, ఎజెకే అని పిలుస్తారు.

"కూర్చోవడానికి అక్కడ కుర్చీలెక్కడివి? కొండలెక్కాలి. వస్తావా, రావా?"

వచ్చింది. రిసీవర్ల పని త్వరగానే పట్టుబడింది. దిమ్మె మీద రిసీవర్‌ను నిలబెట్టి, మట్టం సరిచూసి, ఎత్తు కొలిచి వదిలేస్తే, అది గంటల తరబడి ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటూ ఉంటుంది. బూరుల్‌కు చెమటలు పట్టించింది సూర్యుడి పని. కోణాలు కొలిచే థియోడొలైట్ అద్దానికి నల్లటి ఫిల్టర్ తొడిగి, సూర్యబింబం అంచు సన్నటి నిలువు గీతను తాకే క్షణాన్ని పట్టుకోవాలి. ఆ క్షణాన సూర్యుడు ఏ దిక్కున ఉంటాడో లెక్క తెలుసు కాబట్టి, అక్కణ్ణుంచి ఎదుటి దిమ్మె ఏ దిక్కున ఉందో తేలుతుంది.

ఆమెకు జోడీగా కుదిరిన ఎర్మెక్ ఇరవై రెండేళ్ల వాగుడుకాయ.

"బూరుల్ ఎజే, పైన అన్ని ఉపగ్రహాలు తిరుగుతుంటే ఇంకా సూర్యుణ్ణి బతిమాలుకోవడమేంటి? మా తాత కూడా ఇప్పుడు ఫోన్ చూసే గొర్రెల్ని తోలుతున్నాడు."

"మీ తాత గొర్రెలు సొరంగంలో దూరవు కదరా" అంది వెనక నుంచి దామీరా. "ఈ లోయలో ఆకాశం ఎంత కనిపిస్తోంది? చాపంత. ఉన్న నాలుగు సంకేతాలూ బండకు కొట్టుకుని తిరిగొస్తే, రిసీవర్ వాటినే నమ్ముతుంది. అప్పుడు అది తప్పని నీకు చెప్పేదెవరు?"

సొరంగం నోటి దగ్గర ఒక దిమ్మె, లోయ కిందుగా మరొకటి ఉన్నాయి. ఉపగ్రహాల లెక్కలో వాటి మధ్య దిక్కు అప్పటికే తేలింది. తవ్వకం ఆ దిక్కు పట్టుకునే సాగాలి. దాన్ని సూర్యుడితో సరిచూసే పని దామీరా బూరుల్‌కు అప్పగించింది.

పొద్దున్నే కొండ అంచు మీదుగా సూర్యుడు లోయలోకి తొంగిచూడగానే పని మొదలుపెట్టారు. బూరుల్ "ఇప్పుడు!" అన్నప్పుడల్లా ఎర్మెక్ సమయం రాసుకున్నాడు. ఒక అంచు, రెండో అంచు, పరికరాన్ని తిప్పి మళ్లీ రెండూ. గుడారంలో కూర్చుని లెక్క కడితే ఉపగ్రహాల దిక్కుకూ ఆమె దిక్కుకూ పొంతనే లేదు.

ఒక తప్పు ఆమే పట్టుకుంది. సూర్యుడు చెప్పేది నిజమైన ఉత్తరం. పటం మీద గీసిన ఉత్తరం దానికి కొద్దిగా పక్కకు ఉంటుంది. ఆ తేడా కలపడం మరిచిపోయింది. కలిపాక రెండు దిక్కులూ దగ్గరకొచ్చాయి గానీ కలవలేదు. మిగిలిన తేడా చూడ్డానికి చిన్నదే. దాన్ని పట్టించుకోకుండా తవ్వితే కొండ నడుమ రెండు సొరంగాలూ మూరెడు దూరంలో ఒకదాన్నొకటి తప్పించుకుపోతాయి.

బూరుల్‌కు ముఖం చెల్లలేదు. "నా చేతిలోనే ఏదో లోపముంది ఎజెకే. మీరోసారి చూడండి. లేదంటే ఉపగ్రహాల లెక్కే ఉంచేద్దాం."

"చేతిలో లోపముంటే రేపు ఇంకో రకంగా వస్తుంది. అదే వస్తే లోపం నీది కాదు. నేను చూడను, నువ్వే చూడు. ఎవరి మెప్పు కోసమూ అంకె దిద్దకు."

మర్నాడు మబ్బు పట్టింది. ఆ మరుసటి రోజూ అంతే. తవ్వకం యంత్రాలతో వచ్చిన ఇంజనీరు సగిన్‌బాయ్ గుడారం బయట అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాడు. దామీరా వెళ్లి అతనితో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో బూరుల్‌కు వినపడలేదు.

మబ్బు విడిచిన పొద్దున బూరుల్ మళ్లీ చూసింది. వరుసగా రెండు పొద్దులు చూసినా తేడా మారలేదు.

"ఇక సొరంగం నోటి దిమ్మె దగ్గరికి పదండి" అంది దామీరా.

దిమ్మెకు నాలుగడుగుల్లో పనివాళ్లు ఉండే ఇనుప బండి గాలికి అడ్డంగా నిలిపి ఉంది. వెనక నిలువుగా తడి బండ. ఎర్మెక్ తల గోక్కున్నాడు. "అంటే మనం మొదటిసారి కొలిచినప్పుడు ఈ బండి కూడా సంకేతాల్ని తిప్పికొట్టి రిసీవర్‌కు పాఠాలు చెప్పిందన్నమాట!"

బండిని ట్రాక్టరుతో లాగించేశారు. ఉపగ్రహాలు ఎక్కువగా నడినెత్తికి వచ్చే వేళలు చూసుకుని, ఈసారి రిసీవర్‌ను రోజంతా ఉంచారు. కొత్త లెక్కలో దిమ్మె జానెడు పక్కకు జరిగింది. దిక్కు బూరుల్ అంకెతో కలిసింది. దామీరా తన కప్పులోని టీ ఆమె చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయింది. బూరుల్ ఆ టీ తాగుతూ ఏడ్చింది. 

మరుసటి ఏడు గోధుమ కోతల కాలంలో సొరంగాలు కలిశాయి. బూరుల్ ఈవలి వైపు లోపలే ఉంది. రాతిలోంచి అటువైపు డ్రిల్లు మొన పొడుచుకొచ్చింది, ఆ కంతలోంచి చల్లగాలి కొట్టింది, వెంటనే ఎవరిదో బూతు మాటా నవ్వూ వినిపించాయి. కొలిచి చూస్తే తేడా బెత్తెడు కూడా లేదు. ఒళ్లంతా రాతి దుమ్ముతో ఉన్నవాళ్లు ఒకరినొకరు వాటేసుకున్నారు.

బయటికొచ్చి, రాజధాని బిష్కెక్‌లో ఉన్న దామీరాకు ఫోన్ చేసింది.

"ఎజెకే, కలిశాయి! బెత్తెడు తేడా కూడా లేదు. మీ రుణం ఎలా తీర్చుకోను?"

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. 

"నాకెందుకే? నేను నేర్పాను, నువ్వు నేర్చుకున్నావు, అంతే. సగిన్‌బాయ్‌కి చెప్పుకో. మబ్బు పట్టిన రోజుల్లో యంత్రాలు ఆపించింది అతనే. పైవాళ్లు తిడుతున్నా, 'కొలిచే ఆవిడ ఇంకోసారి చూడాలి' అని నిలబడ్డాడు. నేను అడిగాను సరే, కాదంటే నేనేం చెయ్యగలను?"

బూరుల్‌కు ఇదేమీ తెలియదు. ఆ రోజుల్లో అతను ఎదురుపడితే ఎక్కడ కసురుకుంటాడోనని పక్కదారిన పోయేది.

సాయంత్రం బోర్సోక్ అనే పిండి ముద్దలు వేయించి మూట కట్టుకుని, పొరుగు గుడారంలో గుర్రపు పాలు పులియబెట్టిన కుమీస్ ఒక సీసా అడిగి తీసుకుని, అతని దగ్గరికి వెళ్లింది. సగిన్‌బాయ్ బయట బల్ల మీద కూర్చుని బూట్లలోంచి రాళ్లు దులుపుకుంటున్నాడు.

"సగిన్‌బాయ్ బైకే, అప్పుడు మీరు నా కోసం ఆగారట. ఈరోజే తెలిసింది. మీ మేలు మరిచిపోను" అంది, అన్నను పిలిచినట్టు గౌరవంగా.

అతను తడబడ్డాడు. "మేలా? ఆ రోజుల్లో మీ ఇద్దరి మీదా నాకు పీకలదాకా కోపం. రాత్రుళ్లు నిద్ర లేదు. మా ఆవిడకు ఫోన్ చేసి ఇద్దరినీ తిట్టిపోశాను కూడా."

"మరి ఎందుకాగారు?"

"పెద్దావిడ అడిగింది కదా, ఆ అంకె తప్పని నువ్వు రుజువు చెయ్యగలవా అని. చెయ్యలేకపోయాను." మూట విప్పి ఒకటి నోట్లో వేసుకున్నాడు. "ఇంకా వెచ్చగానే ఉన్నాయే! కూర్చో బూరుల్, నిలబడ్డావేం? ఆ ఎర్మెక్‌ను కూడా పిలువు. వాడొచ్చేలోపు మనం నాలుగు తిందాం, తర్వాత మనకేం మిగలవు."

బూరుల్ నవ్వి, బల్ల మీద అతని పక్కన కూర్చుని కప్పుల్లో కుమీస్ పోసింది.