అమావాస్య నాటి మగ్గం

అమావాస్య అని సిరిసిల్లలో ఆ వాడకట్టు సాంచలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఆపేశారు. అంతటా నిశ్శబ్దం. పన్నెండేళ్ల హర్షిణి నోట్లో చున్నీ కుక్కుకుని ఏడుస్తోంది. పక్కింటి సాకేత్‌తో నువ్వంటే ఇష్టమని చెబితే, వాడు "నువ్వు నాకు చెల్లె లెక్క" అన్నాడు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

"గట్టిగ ఏడువు బిడ్డా," అంది తల్లి సుగుణ.

"వాడు వింటడే అమ్మా! నవ్వుతడు. వేరే ఇంటికి పోదామే."

"యాడికి పోతమే? మన సాంచ ఈడనే ఉన్నది."

సుగుణ లేచి మగ్గం నడిపించింది. ఇల్లంతా దడదడలాడింది. హర్షిణి చున్నీ తీసేసి, తల్లి నడుము పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది.

గోడ బాదుతూ సాకేత్ తల్లి అరిచింది: "అమాస నాడు సాంచ నడుపుడేంది వదినా?"

"ఆమెను ఒర్లనియ్యి," అంది సుగుణ కూతురి చెవిలో. "నువ్వు ఏడువు."