లాకులో నీళ్ళు దిగేదాకా

కాలువ మీద లాకులోకి వచ్చిన పడవ, ఎంతటివారిదైనా, పావుగంట ఆగవలసిందే. ఎగువ తలుపులు మూసి తూములెత్తితే, తొట్టిలోని నీళ్ళు దిగువ కాలువ మట్టానికి మెల్లగా దిగుతాయి. అంతవరకూ పడవ కదలదు. అందులో కూర్చున్న మనిషికీ ఎక్కడికీ పోయే దారి లేదు. ఆ పావుగంట విలువ పల్లెకారుల పెద్దింట్లమ్మ గ్రహించినంతగా ఆ లాకు కట్టించిన ఇంజనీరయినా గ్రహించి ఉండడు.

రెండు నెలలుగా ఆమె రోజూ గట్టు మీద నిలబడి, వచ్చి ఆగిన ప్రతి పడవకూ ఒకే సంగతి చెబుతోంది. ఆమె పెద్దకొడుకు లోవరాజు లాకులో మునిగే పనివాడు. తలుపుల కింద దుంగో రాయో అడ్డుపడితే దిగి తీసేవాడు. గోచీ కొస అయినా సరే తలుపు గొలుసుల్లో చిక్కుకుంటే ప్రాణాపాయం గనుక, మునిగేవాళ్ళు మొలతాడు తప్ప ఒంటి మీద నూలుపోగు ఉంచుకోరు. పడవల్లో స్త్రీలు ప్రయాణిస్తారనీ, నడుము నుంచి మోకాలి దాకా బట్ట లేకుండా లాకు దగ్గర కనబడినవాడికి ఆరు రోజులు ఖైదనీ డిప్యూటీ మేజిస్ట్రేటుగారు పలక మీద రాయించి గోడకు కొట్టించారు. ఆ వారమే లోవరాజు పంచెతో దిగాడు. పంచె గొలుసుకు చుట్టుకుంది. మర్నాడు శవంతో పాటు పంచెను కూడా కోసి తీశారు.

"దిసమొలతో దిగుంటే నా కొడుకు బతికేవాడండి," అని ఆమె ముగించేది.

ఆ ఒక్క మాటకు ఆమె మీద కేసు పెట్టారు. స్త్రీలు వినగా అసభ్యమైన పలుకు పలికిందని అభియోగం. సోమవారం నాడు కచేరీలో మేజిస్ట్రేటుగారు కాగితం మీంచి తల ఎత్తకుండానే, "ఈసారికి వదిలిపెడుతున్నాను. ఆ మాట మళ్ళీ లాకు దగ్గర అన్నావంటే పదిహేను రోజులు ఖైదు," అన్నారు.

"ఏ మాటండి?"

మేజిస్ట్రేటుగారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా తీర్పులో ఆ మాట రావలసిన చోట ఒక గీత గీసి వదిలేశాడు.

"తమరు రాయలేని మాటకి నాకు జైలేంటండి? పోనీ, నా కొడుకు ఎలా పోయాడో ఆ మాట లేకుండా తమరే ఓసారి చెప్పండి. నేనూ అలాగే చెప్పుకుంటాను."

వెనక ఎవరో నవ్వారు. బంట్రోతు ఆమెను బయటికి నెట్టాడు.

మంగళవారం పొద్దున్నే ఆమె మళ్ళీ గట్టు మీద ఉంది. తలుపులు తిప్పే లస్కరు చిట్టియ్య తల గోక్కుంటూ, "నాకు కుడిచెవి వినపడదు పెద్దమ్మా. అటేపు నుంచుని చెప్పుకో. ఎడం పక్కకి మాత్రం రాకు," అన్నాడు.

గురువారం నాడు మేజిస్ట్రేటుగారి పడవే వచ్చింది. క్యాంపుకు వెళుతున్నారు. వెదురుతడికల గూటి కింద ఆయన భార్య. ముందువైపు పెట్టె మీద కాగితాలతో గుమాస్తా. చిట్టియ్య మొహం పాలిపోయింది. "నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఇయ్యాల నోరెత్తకు. నా ఉద్యోగం పోద్ది."

ఆమె నోరెత్తకముందే వేరే చిక్కు వచ్చింది. ఎగువ తలుపులు మూరెడు సందు మిగిల్చి ఆగిపోయాయి. చిట్టియ్య ఎంత తిప్పినా కదలలేదు. వరదకు కొట్టుకొచ్చిన మొద్దు ఏదో అడుగున ఇరుక్కుంది. అన్న పోయాక మునిగే పనిలో చేరిన పెద్దింట్లమ్మ రెండో కొడుకు చినబాబు వచ్చి, మోకాళ్ళు దాటిన పంచెతో అంచున నిలబడ్డాడు.

"చూస్తావేం, దిగు," అన్నారు మేజిస్ట్రేటుగారు.

పెద్దింట్లమ్మ అడ్డం వచ్చింది. ఇంటి దగ్గరున్న వాడి పెళ్ళాం, మూడు నెలల పసికందు ఆమె కళ్ళముందు మెదిలారు. "పంచెతో దిగడండి. ఒకణ్ణిచ్చాను."

"అయితే తీసేసి దిగమను."

"పలక మీద వద్దని ఉందిగా. రేపు వీణ్ణి ఖైదులో పెడితే?"

"నేను చెబుతున్నాను కదా! అవసరమైనంత మేరకు తొలగించుకుని..."

"ఆ మేరలూ అవీ మాకు తెలవ్వండి. ఎలా దిగమంటారో ఆ మాట తమ నోటితో అనండి. గుమాస్తాగారు ఇక్కడే ఉన్నారు, ఇంతమందిమి వింటున్నాం."

మేజిస్ట్రేటుగారి చెవులు ఎర్రబడ్డాయి. వెనక రెండు పడవలు వచ్చి ఆగాయి. వాటిలో మనుషులు లేచి నిలబడ్డారు. "స్త్రీలున్నారు," అన్నారాయన చివరికి, గొంతు తగ్గించి.

గూటి లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినబడింది. "నా కోసమైతే మొహమాటపడకండి. పిల్లల్ని కని పెంచినదాన్ని. ఒక తల్లికి రెండో బిడ్డని కూడా లేకుండా చెయ్యకండి. అనెయ్యండి."

నీళ్ళు తలుపుల సందులో చప్పుడు చేస్తున్నాయి. మేజిస్ట్రేటుగారు అవతలి గట్టు వైపు చూస్తూ అన్నారు: "దిసమొలతో దిగు."

చినబాబు పంచె విప్పి తల్లి చేతికిచ్చి మునిగాడు. ఆమె ఆ పంచెను రెండు చేతులా పిడికిట పట్టుకుంది. బుడగలు వచ్చాయి, ఆగాయి. తరవాత నల్లటి మొద్దు ఒకటి పైకి తేలింది, దాని పక్కనే చినబాబు తల.

తలుపులు మూసుకున్నాయి. చిట్టియ్య తూములెత్తాడు. నీళ్ళు దిగసాగాయి; వాటితో పాటే పడవ, పడవతో పాటే మేజిస్ట్రేటుగారు, అంగుళం అంగుళంగా రాతిగోడల మధ్య కిందికి పోతున్నారు. పెద్దింట్లమ్మ కొడుక్కి పంచె చుట్టి, గట్టు అంచుకు వచ్చింది. చిట్టియ్యకు ఎడం పక్కనే నిలబడింది. అతను కదలలేదు.

"గుమాస్తాగారూ, ఈసారి గీత గీయకండి, మాట రాసుకోండి," అంది కిందికి వంగి. "అమ్మగారూ, తమరూ వినాలి. ఇది మా లోవరాజు పోయిన చోటండి."

పావుగంట ఉంది. ఆమె తొందరపడలేదు.