కొట్టివేతలు లేని ఫారాలు

బీన్స్ పీచు తీస్తూ అత్తగారు అడిగింది: "ఓటేసేటప్పుడు లోపల ఒక్కదాన్నే కదా ఉంటాను? ఎవరికి గుద్దానో అబ్బాయికి తెలీదు కదా?"

తెలీదని కోడలు చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఓటు కాగితం మీద ఒకే గుర్తు ఉన్న దేశంలో ఈసారి మొట్టమొదటగా రెండు వచ్చాయి. పాత పార్టీవాళ్ళు ఒకప్పుడు ఇంట్లోంచి తీసుకెళ్ళిన తమ్ముడి గురించి అత్తగారు ఏనాడూ నోరు విప్పలేదు. ఆ రోజు మాత్రం తల ఎత్తకుండానే, "వాడి కోసమైనా ఒక్కసారి రెండోదానికి వేస్తానే" అంది.

కోడలిది ఇల్లిల్లూ తిరిగి, ఓటెవరికో అడిగి సర్వే ఫారాలు నింపే పని. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళనే అడగాలి, అదీ ఒంటరిగా, అన్నది నియమం. పుట్టినరోజు ఇంటావిడదే అయ్యేది, జవాబు మాత్రం ఆవిడ మొగుడిది. "దానికేం తెలుసు, నన్నడగండి" అనేవాడొకడు. "మా ఇద్దరిదీ ఒకటే మాటండీ" అని నవ్వేవాడింకొకడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చేసరికి ఆవిడ అభిప్రాయం ఫారంలో పడిపోయి ఉండేది. కాదు, ఆవిడతోనే మాట్లాడాలని పట్టుబట్టొచ్చు. పడితే గొడవ, గొడవైతే ఆలస్యం, ఆలస్యమైతే ఇంట్లో మొగుడి సణుగుడు. "ఊళ్ళో అందరి అభిప్రాయాలూ నీకు కావాలి, నా అన్నం మాత్రం ఎవరికీ పట్టదు" అనేవాడు. పన్నెండు ఫారాలూ ముగించుకుని ఆరింటికల్లా పొయ్యి దగ్గరుండాలి మరి.

ఒకరోజు ఒక దర్జీ భార్య వీధి మలుపుదాకా వెంట వచ్చింది. చీర కుచ్చిళ్ళకి దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. "ఆయన చెప్పింది నా మాట కాదండీ. అది కొట్టేసి రెండోది పెట్టండి" అంది. కొట్టివేత కనపడితే సూపర్‌వైజర్ ఫారం పక్కన పడేసి, మళ్ళీ ఆ ఇంటికే పంపుతాడు. "అలాగేనండీ, మారుస్తాను" అని వచ్చేసింది. మార్చలేదు. ఆ మాట ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి సిగ్గేస్తుంది.

పోలింగుకి రెండ్రోజుల ముందు సర్వే పేపర్లో వచ్చింది. భర్త టీ తాగుతూ పైకి చదివాడు. వాళ్ళ నియోజకవర్గంలో పదిమంది ఆడవాళ్ళలో ఎనిమిదిమంది పాత పార్టీవైపేనట.

"చూశావా అమ్మా. ఆడవాళ్ళకీ బుద్ధుంది."

అత్తగారు మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది. "ఎనిమిదిమందా?" అంది. మళ్ళీ మడతపెడుతూ, "అంతమందికి తెలియంది నాకేం తెలుస్తుందిలేరా. నేనూ అటే వేస్తాను" అంది. తమ్ముడి ఊసెత్తలేదు.

కోడలికి దర్జీ భార్య గుర్తొచ్చింది. ఆవిడ కూడా ఈపాటికి ఇది వినే ఉంటుంది, ఊరు మొత్తంలో తనొక్కతే ఇలా అనుకుంటోందని నోరు మూసుకుని ఉంటుంది. ఆమెను అలా ఒంటరిని చేసింది తనే, చేతులారా. ఇప్పుడు చెబితే పని పోతుంది. మొగుడు ఎదురుగా కూర్చునే ఉన్నాడు. ఆయన ఆఫీసుకెళ్ళాక చెబుదాంలే అని ఒక్క క్షణం అనిపించింది. అలా తర్వాత తర్వాత అనుకునే కదా ఇంతదాకా తెచ్చుకుంది.

పొయ్యి కట్టేసి వచ్చి అత్తగారి ముందు కూర్చుంది.

"అత్తయ్యా, ఆ ఫారాలు నింపింది నేనే. వాటిల్లో ఆడవాళ్ళెవరూ లేరు. వాళ్ళ మొగుళ్ళున్నారు."