నాన్న నడుం కొలత

నా కూతురికి తాతయ్య గుర్తుండడేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. దానికింకా మాటలు రాలేదు. "తా" అని మాత్రం అంటుంది. గోడకు వేలాడే ఆయన కొలతల టేపును చూసినా "తా" అనే అంటుంది.

నాన్న దర్జీ. వీధిలోకి తెరుచుకునే ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. చదువు మధ్యలో ఆగిపోయాక నేను ఆయన పక్కన కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకున్నాను. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా ఆ చోటు వదల్లేదు.

పాపకు అన్నం మెదిపి పెట్టడం మొదలుపెట్టాక నాన్న కూడా ఆ గిన్నె దగ్గరికే చేరాడు. రొట్టె ముట్టడు. ముద్దకో గుక్క నీళ్ళు.

"ఏం నాన్నా, నీకూ పళ్ళు రాలేదా?" అన్నాను.

"దానికొస్తున్నాయి, నాకు పోతున్నాయి. దార్లో కలుసుకున్నాం," అన్నాడు.

నవ్వుకున్నాం. తింటూ తింటూ ఆగి గుండెల మీద రాసుకుంటే, ఎప్పుడూ ఉండే మంటే కదా అనుకున్నాం. మంట తగ్గే బిళ్ళ ఏళ్ళ తరబడి ఆయన జేబులో ఉండేదే.

ఇంకో ఇంట్లో అయితే చొక్కా వేలాడేది, ప్యాంటు జారేది, ఎవరో ఒకరు అడిగేవారు. దర్జీ ఇంట్లో అలా జరగదు. తన ఒంటి మీద బట్ట వదులైతే గిరాకీ పోతుందని నాన్న నమ్మకం. మిషను ఖాళీ అయినప్పుడల్లా తన బట్టలు తనే బిగించుకునేవాడు. రోజురోజుకీ చిక్కిపోతున్న మనిషి మాకు మాత్రం నీటుగానే కనిపించాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ప్యాంటు ఇస్త్రీ చేస్తుంటే నడుం దగ్గర పెట్టె సరిగా ఆనలేదు. తిరగేసి చూశాను. లోపల మడత మీద మడత, కుట్టు పక్కన కుట్టు.

"నాన్నా, ఇలా రా. టేపు పెట్టనీ."

"నాకెందుకే కొలత? పెళ్ళికొడుకునా?"

"చేతులెత్తు."

ఎత్తాడు. నాకు కంఠతా వచ్చిన నాన్న కొలత కాదది. వేళ్ళకు పక్కటెముకలు తగిలాయి.

"ముద్ద దిగట్లేదు కదూ?"

మిషను చక్రం మీద చెయ్యి ఆన్చుకున్నాడు. "ఇక్కడ ఆగుతోందమ్మా," అని రొమ్ము మధ్య చూపించాడు. "నీళ్ళు తాగితే జారుతుంది. వయసు కదా అనుకున్నా. చంటిపిల్లతో నీకే ఊపిరాడట్లేదు, ఇదొకటెందుకు చెప్పడమని."

ఆసుపత్రికి తీసుకెళ్తే, గొంతులోంచి సన్నటి గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ, అన్నవాహికలో క్యాన్సర్ అని చెప్పింది. "ముందు గట్టివి అడ్డం పడతాయి, తర్వాత మెత్తనివి, చివరికి నీళ్ళు కూడా. మొదటిసారి అడ్డం పడ్డప్పుడు ఊరుకున్నా, మళ్ళీ మళ్ళీ పడుతుంటే ఆగకూడదమ్మా. అప్పుడే వస్తే మా చేతిలో చాలా ఉంటుంది," అంది.

నాన్న ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. పాలు కూడా గొట్టంలోంచే. మందులకు కణితి తగ్గితే ఆపరేషను చేస్తారట. తగ్గుతుందో లేదో ఇంకా చెప్పలేదు. కొట్టులో నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. బయట ఎవరు గొంతు సవరించుకున్నా నాన్నేమోనని తలెత్తి చూస్తాను. ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్క రొట్టె ఇద్దరం తుంచుకుని, పెద్ద ముక్క నాదంటే నాదని పోట్లాడుకుంటూ తినాలని ఉంది. ఇంకేమీ అక్కర్లేదు.

మీరు ఇవాళ మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన భోజనానికి కూర్చోండి. గట్టివి పక్కకు నెడుతున్నారేమో, ముద్దముద్దకీ నీళ్ళు తాగుతున్నారేమో చూడండి. దూరాన ఉంటే ఫోను చేసి, మింగుడు పడుతోందా అని అడగండి. ఏమీ లేదంటే, ఇంకోసారి అడగండి.